లొగావినా వీధిలో బాల్యం
(యుద్ధమూ పిల్లలూ – 7వ భాగం)

బోస్నియా-హెర్జెగోవినా రాజధాని సరాయెవోలో, పాత బజారుకు ఎగువన కొండవాలు ఎక్కే వీధి లొగావినా. ఆ వీధిలో 32వ నంబరు భవనంలో 2017 జనవరిలో వార్ చైల్డ్‌హుడ్ మ్యూజియం మొదలైంది. యుద్ధంలో గడిచిన బాల్యాల కోసమే ఏర్పడ్డ మ్యూజియం ప్రపంచంలో తానొక్కటేనని అది చెప్పుకుంటుంది. యుద్ధ మ్యూజియం అనగానే గుర్తొచ్చే ఫిరంగులు, పతకాలు, సేనానుల ఫొటోలు ఇక్కడ ఉండవు. గాజు పెట్టెల్లో బొమ్మలు, డైరీలు, నోటుపుస్తకాలు, బట్టలు, బ్యాలే నాట్యానికి వేసుకునే మెత్తటి బూట్లు, సహాయ సంస్థలు పంచిన తినుబండారాల పైకాగితాలు ఉంటాయి. ప్రతి వస్తువు పక్కనా దాని యజమాని తన మాటల్లో చెప్పిన చిన్న కథ, యజమాని పేరు, పుట్టిన సంవత్సరం. సేకరణలో వస్తువులు వేలల్లో ఉన్నా ఒక్కసారికి ప్రదర్శనకు పెట్టేవి కొద్ది పదులే. గంటలో చూసెయ్యగలిగినంత చిన్న చోటు.

సరాయెవో పేరు తెలుగు పాఠకులకు ఎక్కువగా 1914 నాటి హత్య ద్వారానే పరిచయం. ఆస్ట్రియా యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్‌ను కాల్చి చంపిన లాటిన్ వంతెన ప్రాంతం మ్యూజియం నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉంది. లొగావినా వీధికి మాత్రం వేరే చరిత్ర ఉంది. 1990ల బోస్నియా యుద్ధంలో నగరం ముట్టడిలో ఉండగా అమెరికన్ విలేఖరి బార్బరా డెమిక్ ఈ ఒక్క వీధినే పట్టుకుని, అక్కడి కుటుంబాల రోజువారీ జీవితాన్ని రాశారు. ఆ పుస్తకం 1996లో వీధి పేరుతోనే వెలువడింది. యుద్ధాన్ని నగరం మొత్తంగా కాకుండా ఒక్క వీధి నుంచి చూసిన రచన అది. ఇరవయ్యేళ్ల తర్వాత అదే వీధికి వచ్చిన మ్యూజియం ఇంకాస్త కిందికి వంగి, పదేళ్ల పిల్లల ఎత్తు నుంచి చూస్తుంది.

దీని వెనక ఉన్న వ్యక్తి జాస్మింకో హలీలోవిచ్. 1988లో పుట్టాడు, ముట్టడి మొదలైనప్పుడు నాలుగేళ్ల పిల్లవాడు. 2010లో, తనలాగే యుద్ధంలో పెరిగినవాళ్లకు ఇంటర్నెట్ ద్వారా ఒకే ప్రశ్న వేశాడు: యుద్ధంలో బాల్యం అంటే మీకేమిటి? జవాబు 160 అక్షరాలు దాటకూడదు, అంటే అప్పటి ఎస్సెమ్మెస్ అంత. వెయ్యిమందికి పైగా రాశారు. ఒకరు ఒక తిండి పేరు రాస్తే, ఇంకొకరు నేలమాళిగను గుర్తు చేసుకున్నారు, మరొకరు చనిపోయిన స్నేహితుణ్ని తలుచుకున్నారు. వీటన్నిటినీ కూర్చి 2013లో పుస్తకంగా తెచ్చాడు. అది తర్వాత జర్మన్, జపనీస్, ఇంగ్లిష్ భాషల్లోకి వెళ్లింది. పుస్తకం పని మీద ఆ మనుషుల్ని కలుస్తున్నప్పుడు తేలిందేమంటే, చాలామంది దగ్గర కథతో పాటు ఒక వస్తువు కూడా దాచి ఉంది. ఇల్లు మారినా, దేశం మారినా పారెయ్యనిది. మ్యూజియం ఆలోచనకు బీజం అక్కడ పడింది.

పిల్లల యుద్ధానుభవాన్ని భద్రపరచడం కొత్త సంగతి కాదు. నాజీలు యూదుల్ని నిర్బంధించిన టెరెజీన్ శిబిరంలో ఫ్రీడల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి పిల్లలకు బొమ్మలు నేర్పింది. 1944 శరత్కాలంలో ఆమెను ఆష్విట్జ్‌కు తరలించే ముందు ఆ బొమ్మలన్నీ రెండు సూట్‌కేసుల్లో సర్ది దాచిపెట్టింది. సుమారు 4,500 చిత్రాలు ఇప్పుడు ప్రాగ్‌లోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. గీసిన పిల్లల్లో అత్యధికులు బతకలేదు. హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో తుప్పు పట్టిన మూడుచక్రాల సైకిల్ ఒకటుంది. నాలుగేళ్లు నిండని పిల్లాడిది. బాంబు పడిన రోజు దాని మీద ఆడుకుంటున్నాడు. తండ్రి ఆ బిడ్డను సైకిల్‌తో సహా పెరట్లోనే పాతిపెట్టి, 40 ఏళ్ల తర్వాత 1985లో తవ్వి తీసి మ్యూజియానికి ఇచ్చాడు. ఇలాంటి చోట్ల వస్తువు మిగిలింది, పిల్లవాడు లేడు. లొగావినా వీధిలో ఉన్న వస్తువుల యజమానుల్లో ఎక్కువమంది బతికే ఉన్నారు, పెద్దవాళ్లయ్యారు, తమ వస్తువును తామే తెచ్చి ఇచ్చారు. దాని గురించి ఏం చెప్పాలో కూడా వాళ్లే నిర్ణయించుకున్నారు. ఈ ఒక్క తేడా వల్ల ఇది స్మారకం కాకుండా సాక్ష్యాల గది అయింది. అయితే ఆ సాక్ష్యం అర్థం కావాలంటే ముట్టడి ఎలా నడిచిందో తెలియాలి.

1,425 రోజులు

గత భాగాల్లో చూసిన యుగొస్లావియా విచ్ఛిన్నంలో బోస్నియా వంతు 1992 వసంతంలో వచ్చింది. 1991 జనగణన ప్రకారం ఆ రిపబ్లిక్‌లో అప్పటి లెక్కల్లో ముస్లింలుగా నమోదైన బోస్నియాకులు దాదాపు 43 శాతం, సెర్బులు 31 శాతం, క్రొయేట్లు 17 శాతం. ఫిబ్రవరి 29, మార్చి 1 తేదీల్లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణను సెర్బు నాయకత్వం బహిష్కరించింది. ఓటు వేసినవాళ్లు స్వాతంత్ర్యం కోరారు. ఏప్రిల్ 5న శాంతి ప్రదర్శనకు వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి. వ్రబాన్యా వంతెన మీద కూలిపోయిన ఇద్దరు స్త్రీలు, సువాదా దిల్బెరోవిచ్, ఓల్గా సుచిచ్, ముట్టడిలో తొలి మృతులుగా చరిత్రకెక్కారు. వంతెనకు ఇప్పుడు వాళ్ల పేర్లే. మర్నాడు యూరోపియన్ కమ్యూనిటీ బోస్నియాను గుర్తించింది. మే మొదటి వారానికి నగరం పూర్తిగా దిగ్బంధంలో పడింది.

మిల్యాత్స్కా అనే చిన్న నది లోయ పొడుగునా తూర్పు నుంచి పడమటికి సాగిన ఊరు సరాయెవో. చుట్టూ కొండలు. ట్రెబెవిచ్ కొండ మీదనుంచి చూస్తే వీధివీధీ అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. 1984లో ఇక్కడ శీతాకాల ఒలింపిక్స్ జరిగినప్పుడు బాబ్‌స్లెడ్ పందేలు నడిచింది ఆ కొండ మీదే. ఎనిమిదేళ్ల తర్వాత అక్కడే ఫిరంగులు వెలిశాయి. మొదట యుగొస్లావ్ సైన్యం, 1992 మే నుంచి బోస్నియా సెర్బు సైన్యంలోని సరాయెవో-రొమానియా దళం ఈ చుట్టుముట్టిన వలయాన్ని నడిపాయి. జెత్రా ఒలింపిక్ స్టేడియం పక్క మైదానం శ్మశానమైంది. స్టేడియం కుర్చీల చెక్కతో శవపేటికలు చేశారు.

ముట్టడి 1996 ఫిబ్రవరి 29 వరకు సాగింది. మొత్తం 1,425 రోజులు. ఆధునిక కాలంలో మరే రాజధానీ ఇంతకాలం ముట్టడిలో లేదు. సగటున రోజుకు 329 షెల్స్ పడ్డాయని ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం లెక్కగట్టింది. 1993 జూలై 22న ఒక్కరోజే 3,777. షెల్స్ పడని గంటల్లో స్నైపర్లు ఉండేవారు. పడమటి శివారుల నుంచి నగరంలోకి వచ్చే ప్రధాన రహదారికి స్నైపర్ వీధి అనే పేరు స్థిరపడిపోయింది. కూడళ్ల దగ్గర స్నైపర్ చూపుకు అడ్డంగా పాడైన ట్రాములు, బస్సులు, ఇనప కంటైనర్లు నిలబెట్టారు. కొన్నిచోట్ల వీధికి అడ్డంగా దుప్పట్లు వేలాడదీశారు. అవి గుండును ఆపవు, చూపును ఆపుతాయి. ఎక్కడ నడవాలి, ఎక్కడ వంగాలి, ఎక్కడ పరిగెత్తాలి అన్నది నగరంలోని పిల్లలకు ఎక్కాలతో పాటే వచ్చింది.

ఐక్యరాజ్యసమితి రక్షణ దళం ప్రధాన కార్యాలయం మొదట సరాయెవోలోనే ఉండేది. దాని తొలి సేనాధిపతి భారత సైన్యానికి చెందిన లెఫ్టినెంట్ జనరల్ సతీశ్ నంబియార్. 1992 మార్చి నుంచి ఏడాది పాటు బాధ్యతల్లో ఉన్నారు. దళాన్ని రప్పించింది క్రొయేషియాలో కాల్పుల విరమణ కోసం. బోస్నియాలో యుద్ధం అంటుకోగానే కార్యాలయం నగరం నుంచి తరలిపోయింది. తర్వాత వచ్చిన శాంతి సైనికులు విమానాశ్రయాన్ని, సహాయ వాహనాల్ని కాపాడారు. ముట్టడిని ఎత్తించే అధికారం మాత్రం వాళ్లకు లేదు.

నీళ్లు, కట్టెలు, డబ్బా మాంసం

మ్యూజియంలోని చిన్న వస్తువుల్ని పెద్ద చరిత్రతో కలిపే దారి ఇంటిపని. కరెంటు, గ్యాసు, నీళ్లు ఈ మూడింటి తాళాలు చాలావరకు ముట్టడిదారుల చేతిలో ఉండేవి. కరెంటు లేకపోతే పంపులు తిరగవు. పంపులు తిరగకపోతే ఎత్తైన అపార్టుమెంట్లలో కుళాయి ఎండిపోతుంది. ఊరి పాత బీరు కర్మాగారం భూగర్భ ఊటల మీద కట్టింది కాబట్టి అక్కడ నీళ్లు ఆగలేదు. నగరం నలుమూలల నుంచీ జనం ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకుని అక్కడికి వచ్చేవారు. చక్రాలున్నది ఏదైనా నీళ్ల బండే అయింది: పిల్లల తోపుడు బండి, సామాను బండి, చలికాలంలో మంచు మీద జారే స్లెడ్జి. క్యూలో గంటల తరబడి నిలబడటం, పది అంతస్తుల మెట్లెక్కి క్యాన్లు చేర్చడం పిల్లల వంతుకు కూడా వచ్చేది. ఆ క్యూలే మళ్లీ షెల్స్‌కు గురి. 1993 జూలై 12న దోబ్రిన్యా వాడలో నీళ్ల కోసం నిలబడ్డవాళ్ల మధ్య మోర్టారు షెల్ పడి 10 మందికి పైగా చనిపోయారు.

సరాయెవో చలికాలంలో ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోతుంది. మొదటి శీతాకాలానికే ఉద్యానవనాల్లో చెట్లు మాయమయ్యాయి. తర్వాత కుర్చీలు, తలుపులు, నేల పలకలు, పాత బూట్లు, చివరకు పుస్తకాలు పొయ్యిలోకి వెళ్లాయి. ఏ పుస్తకాలు ముందు కాల్చాలన్నది ఇంటింటా తగువే. పగిలిన కిటికీలకు అద్దాల బదులు ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ముద్ర ఉన్న ప్లాస్టిక్ పట్టాలు కట్టుకున్నారు. దీపానికి ఒక గాజు గ్లాసు, సగం నీళ్లు, పైన కాస్త వంటనూనె, సీసా బిరడాకు గుచ్చిన వత్తి. ఆ వెలుగులోనే హోంవర్కు.

1992 జూలైలో మొదలైన విమాన సాయం 1996 జనవరి వరకు నడిచింది. బెర్లిన్‌కు 1948–49లో జరిగిన విమాన సాయం కంటే ఇది చాలా ఎక్కువ కాలం సాగింది. 12 వేలకు పైగా విమానాలు దాదాపు 1,60,000 టన్నుల సరుకు దించాయి. ఇంటికి చేరేది బియ్యం, మకరోనీ, బీన్స్, పిండి, నూనె, పాలపొడి, డబ్బాల్లో మాంసం. ఇవే దినుసులతో వేరే రుచులు సృష్టించడం ఒక విద్యగా మారింది. పాలపొడి, బియ్యంతో జున్ను లాంటిది చేసేవారు. పార్కుల్లో దొరికిన దురదగొండి ఆకు కూరలోకి పోయేది. ఐకార్ అనే పేరున్న డబ్బా మాంసాన్ని కుక్కలు కూడా ముట్టవని నగరంలో హాస్యం. 2007లో చరిత్ర మ్యూజియం దగ్గర ఆ డబ్బాకే ఒక నిలువెత్తు స్మారకం కట్టి, కృతజ్ఞులైన పౌరుల తరఫున అంతర్జాతీయ సమాజానికి అని రాయించారు. సరాయెవో వ్యంగ్యం అలాగే ఉంటుంది.

పిల్లలకు ఈ తిండి కంటే దాని పైకాగితం ముఖ్యం. సైనిక భోజన పొట్లాల్లో వచ్చే బిస్కెట్, చాక్లెట్, చూయింగ్ గమ్ కాగితాలు రంగుల్లో ఉండేవి, తెలియని భాషల్లో ఉండేవి, ఎక్కడో యుద్ధం లేని చోటు ఉందని చెప్పేవి. వాటిని ఏరి, సాపు చేసి, పుస్తకాల్లో పెట్టి, స్నేహితులతో మార్చుకునేవారు. అలా పోగైన కాగితాలు ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాయి. చరిత్రకారుడి కంటితో చూస్తే ఇది విలువైన సామగ్రి. ఏ దేశం నుంచి ఏ సరుకు వచ్చిందో, ఎంత పాతదో, ఇంటి దాకా నిజంగా ఏది చేరిందో సహాయ సంస్థల నివేదికల్లో కంటే ఈ కాగితాల్లో ఎక్కువ కనిపిస్తుంది. మిఠాయి కాగితాల్లాగే షెల్ ముక్కలూ మారకపు సరుకే. పేలుడు తర్వాత ఇంకా వేడిగా ఉన్న ఇనప ముక్కల కోసం మగపిల్లలు పరిగెత్తడం, పెద్దది దొరికినవాడు గొప్పవాడనిపించుకోవడం ఆ తరం జ్ఞాపకాల్లో మళ్లీ మళ్లీ వస్తుంది.

మెట్ల మీద బడి

బడులు 1992 వసంతంలో మూతపడ్డాయి. చాలా భవనాలు కాల్పుల రేఖ మీద ఉన్నాయి, కొన్నిటిలో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లు తలదాచుకున్నారు. ఉపాధ్యాయులు వేరే దారి పట్టారు. పిల్లలు ఊరు దాటి బడికి రావడం ప్రమాదం కాబట్టి బడినే పిల్లల దగ్గరికి, వాడవాడకూ చీల్చి తీసుకుపోయారు. అపార్టుమెంటు ప్రవేశ ద్వారం దగ్గరి మెట్లు, నేలమాళిగ, ఎవరిదో ఖాళీ వాటా, మూతపడ్డ దుకాణం ఇవన్నీ తరగతి గదులే. బయటి గోడలకు దూరంగా, నాలుగు వైపులా కాంక్రీటు ఉన్న చోటు కావడంతో మెట్ల గది అన్నిటికంటే సురక్షితం. గంటలు కుదించారు, పాఠ్యాంశాలు తగ్గించారు, ఒకే తరగతిలో వేర్వేరు వయసుల వాళ్లను కూర్చోబెట్టారు. కాగితం కొరత వల్ల పాత నోటుపుస్తకాల ఖాళీ అంచుల్లో రాశారు. 'మూడో జిమ్నాజియా' అనే ఉన్నత పాఠశాల భవనం యుద్ధరేఖ పక్కనే ఉండి దెబ్బతింది. ఆ పాఠశాల ముట్టడి పొడుగునా చెల్లాచెదురుగా ఎలా నడిచిందో అమెరికన్ పరిశోధకుడు డేవిడ్ బెర్మన్ ఒక పూర్తి పుస్తకంలో నమోదు చేశారు.

దీన్ని వీరగాథగా మాత్రమే చెప్పడం తేలిక. 1993 నవంబరు 9న అలిపాషినో పొల్యే వాడలో ఇలాంటి తరగతి మీదే షెల్ పడింది. పాఠం చెబుతున్న ఉపాధ్యాయిని, ముగ్గురు పిల్లలు చనిపోయారు. అయినా తల్లిదండ్రులు పిల్లల్ని పంపారు. ఇంట్లో కూర్చోబెట్టినా ప్రమాదమే, పైగా బడి ఉంటే రోజుకో ఆకారం ఉంటుంది.

బ్యాలే బూట్లను కూడా ఇక్కడే అర్థం చేసుకోవాలి. ముట్టడిలో ఉన్న ఊళ్లో బ్యాలే తరగతులేమిటన్న ప్రశ్న సహజం. నిజానికి ఆ నాలుగేళ్లలో సరాయెవోలో ప్రదర్శనలు ఆగలేదు. 1992లోనే 'సరాయెవో యుద్ధ రంగస్థలం' అనే నాటక సంస్థ పుట్టింది. 1993 ఆగస్టులో అమెరికన్ రచయిత్రి సూజన్ సాంటాగ్ కొవ్వొత్తుల వెలుగులో 'వెయిటింగ్ ఫర్ గోడో' ఆడించింది. సంగీత పాఠాలు, నాట్యం, పిల్లల గాయక బృందాలు అపార్టుమెంట్లలో, నేలమాళిగల్లో నడిచాయి. నీళ్ల క్యాను మోసిన చేతులే సాయంత్రం పియానో మీద ఉండేవి. ఆహార పట్టికలో లేని అవసరాల గురించి ఆ బూట్లు చెబుతాయి.

లెక్కల్లో, ఫొటోల్లో, కోర్టులో

యుద్ధంలో పిల్లలు సాధారణంగా అంకెలుగా కనిపిస్తారు. ముట్టడిలో చనిపోయినవాళ్ల కోసం 2012 ఏప్రిల్ 6న టిటో వీధిలో 11,541 ఎర్ర కుర్చీలు వరసగా వేశారు. వాటిలో వందలాది కుర్చీలు చిన్నవి, పిల్లలవి. దారినపోయేవాళ్లు ఆ చిన్న కుర్చీల మీద బొమ్మలు పెట్టి వెళ్లారు. పెద్ద పార్కులో 2009లో వెలిసిన పిల్లల స్మారకం ఒక గుండ్రటి నీటి ఫౌంటెన్, మధ్యలో గాజు శిల్పం. దగ్గర్లోని తిరిగే లోహపు స్తంభాల మీద 521 మంది పిల్లల పేర్లు చెక్కారు. 1993 వేసవిలో యునిసెఫ్ సరాయెవోలో 1,505 మంది పిల్లల్ని అడిగి చూసింది. 97 శాతం మంది దగ్గర్లోనే షెల్స్ పడటం చూశారు. 55 శాతం మంది మీద స్నైపర్లు కాల్పులు జరిపారు. మూడింట రెండు వంతుల మంది చచ్చిపోతామనుకున్న పరిస్థితిలో ఒకసారైనా పడ్డారు.

అంకె తర్వాత ఫొటో. 1993 జూలై 30న మోర్టారు షెల్‌కు గాయపడిన ఐదేళ్ల ఇర్మా హజీమురాతోవిచ్ చిత్రాలు బీబీసీలో రాగానే బ్రిటిష్ ప్రభుత్వం విమానం పంపి ఆమెను లండన్‌కు తీసుకెళ్లింది. ఆ పేరుతోనే ఒక తరలింపు కార్యక్రమం నడిచి, మరికొందరు క్షతగాత్రులు పశ్చిమ దేశాల ఆసుపత్రులకు చేరారు. టీవీలో కనిపించినవాళ్లకే వైద్యమా అన్న విమర్శ అప్పుడే వచ్చింది. అది న్యాయమైన విమర్శ. ఇర్మా 1995లో లండన్‌లోనే చనిపోయింది.

మూడో రూపం రాత. ఝ్లాటా ఫిలిపోవిచ్ యుద్ధానికి ముందే, 1991 సెప్టెంబరులో డైరీ మొదలుపెట్టింది, అప్పటికి పదేళ్లు. యునిసెఫ్ సాయంతో అది 1993లో ముద్రణకు వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో కుటుంబం పారిస్ చేరింది. పత్రికలు ఆమెకు సరాయెవో ఆన్ ఫ్రాంక్ అని పేరు పెట్టాయి. బతికున్న పిల్లకు ఆ పోలిక ఎంత బరువో పేరు పెట్టినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

కోర్టు రికార్డుల్లో పిల్లలు మరోలా ఉంటారు. 1993 జూన్ 1న దోబ్రిన్యాలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న జనం మీద షెల్స్ పడ్డాయి. 1994 జనవరి 22న మంచు మీద స్లెడ్జిలతో ఆడుకుంటున్న ఆరుగురు పిల్లలు చనిపోయారు. అదే ఏడాది నవంబరు 18న కట్టెలు తీసుకుని ఇంటికి వస్తున్న తల్లి శరీరంలోంచి దూసుకుపోయిన స్నైపర్ గుండు పక్కనున్న ఏడేళ్ల కొడుకు ప్రాణం తీసింది. ఇవన్నీ హేగ్‌లోని అంతర్జాతీయ ట్రిబ్యునల్ ముందు విచారణాంశాలు. దూరాలు, కోణాలు, షెల్ వచ్చిన దిశ కొలిచి, సాక్షుల్ని విచారించి, పౌరుల్ని భయభ్రాంతుల్ని చేయడమే లక్ష్యంగా దాడులు సాగాయని కోర్టు తేల్చింది. 1992 సెప్టెంబరు నుంచి 1994 ఆగస్టు వరకు సరాయెవో-రొమానియా దళాన్ని నడిపిన స్తానిస్లావ్ గాలిచ్‌కు 2003లో 20 ఏళ్ల శిక్ష పడి, 2006లో అప్పీలులో యావజ్జీవంగా మారింది. అతని తర్వాత వచ్చిన ద్రాగొమీర్ మిలోషెవిచ్‌కు చివరికి 29 ఏళ్లు. వీళ్ల పైవారైన బోస్నియా సెర్బు నాయకుడు రాదోవన్ కరాజిచ్‌కు, సేనాధిపతి రాత్కో మ్లాదిచ్‌కు ముట్టడితో పాటు స్రెబ్రెనిత్సా జాతిహత్యకూ కలిపి యావజ్జీవం.

మ్యూజియం చెప్పేది, చెప్పనిది

లొగావినా మ్యూజియం ఈ తీర్పుల జోలికి పోదు. వస్తువు ఇచ్చినవారు బోస్నియాకులా, సెర్బులా, క్రొయేట్లా అన్నది ఫలకం మీద ఉండదు. ఇది కావాలని చేసిన ఎంపిక, దాని కారణం యుద్ధానంతర బోస్నియాలో ఉంది. 1995 నవంబరులో డేటన్‌లో కుదిరి, డిసెంబరులో పారిస్‌లో సంతకాలైన ఒప్పందం యుద్ధాన్ని ఆపింది కానీ దేశాన్ని జాతుల వారీ పాలనా భాగాలుగా స్థిరపరిచింది. చదువు ఆ భాగాల చేతికి పోయింది. ఒకే భవనంలో బోస్నియాక్, క్రొయేట్ పిల్లలు వేర్వేరు ద్వారాల నుంచో వేర్వేరు షిఫ్టుల్లోనో వచ్చి వేర్వేరు పాఠాలు చదివే 'ఒకే కప్పు కింద రెండు బడులు' 50కి పైగా వెలిశాయి. ఇటీవలి యుద్ధం గురించి మూడు పాఠ్యప్రణాళికలు మూడు కథలు చెబుతాయి, లేదా ఏమీ చెప్పవు. అలాంటి దేశంలో ఎవరి కథ అని అడగకుండా వినగలిగే చోటు అరుదు. బడి పిల్లలు గుంపులుగా ఈ మ్యూజియానికి రావడానికి అదీ ఒక కారణం.

ఆ మౌనానికి ఖరీదు కూడా ఉంది. కొండ మీద ఫిరంగి ఎవరిదన్న ప్రశ్నకు ఇక్కడ జవాబు దొరకదు. యుద్ధం వానలాగా తనంతట తాను కురిసిందన్న భ్రమ, ఏమీ తెలియని సందర్శకుడికి, కలగవచ్చు. కాబట్టి ఈ మ్యూజియాన్ని ట్రిబ్యునల్ తీర్పులతో, సరాయెవో విమానాశ్రయం కింద 1993లో తవ్విన సుమారు 800 మీటర్ల సొరంగం దగ్గరి ప్రదర్శనతో కలిపి చూడాలి. మనిషి నిటారుగా నడవలేని ఆ సొరంగం లోంచే తిండి, ఆయుధాలు, క్షతగాత్రులు, పిల్లలు నగరానికీ బయటికీ రాకపోకలు సాగించారు.

ఇంకో పరిమితి వస్తువులదే. సరాయెవోలో లక్షల మంది తమ ఇళ్లల్లోనే ముట్టడిని భరించారు, అందుకే బొమ్మ మిగిలింది, నోటుపుస్తకం మిగిలింది. బోస్నియాలోని ఇతర పట్టణాలైన ప్రియెదోర్‌లో, స్రెబ్రెనిత్సాలో ఇల్లు తగలబడి, కట్టుబట్టలతో తరిమివేతకు గురైన పిల్లల దగ్గర తెచ్చి ఇవ్వడానికి ఏమి ఉంటుంది? వస్తువుల మీద ఆధారపడ్డ ఏ మ్యూజియమైనా కొంత మిగుల్చుకోగలిగినవాళ్ల వైపే మొగ్గుతుంది. ఈ లోటును కొంతైనా పూడ్చేవి వీడియో సాక్ష్యాలు. వందకు పైగా గంటల మౌఖిక చరిత్ర రికార్డింగులు సేకరణలో భాగం. జ్ఞాపకం పాతికేళ్లలో మారుతుందన్న ఆక్షేపణ వీటికి వర్తిస్తుంది. కానీ ఏది ఎన్నాళ్లు గుర్తుంది, ఏది మరుగైంది అన్నది కూడా ఆ తరం చరిత్రే.

2018లో యూరప్ కౌన్సిల్ మ్యూజియం బహుమతి దీనికి దక్కింది. ఆ బహుమతితో పాటు స్పానిష్ కళాకారుడు జోన్ మిరో చేసిన కంచు విగ్రహం ఏడాది పాటు గెలిచిన మ్యూజియంలో ఉంటుంది. డబ్బా మాంసం కాగితాల పక్కన మిరో శిల్పం నిలబడిన ఏడాది అది.

అప్పటికే సేకరణ బోస్నియా దాటింది. లెబనాన్‌లో తలదాచుకున్న సిరియా శరణార్థి పిల్లల దగ్గరికి మ్యూజియం పరిశోధకులు వెళ్లి, వాళ్ల వస్తువుల్ని, కథల్ని సేకరించారు. యుక్రెయిన్‌లో, 2014లో తూర్పు ప్రాంతమైన దొన్‌బాస్‌లో మొదలైన యుద్ధం నుంచి బయటపడ్డ పిల్లల మధ్య పని చేశారు. 2022 ఫిబ్రవరిలో రష్యా పూర్తిస్థాయి దాడికి దిగేనాటికే అక్కడ సేకరణ ఉంది, శాఖ ఉంది. పద్ధతి మాత్రం మారక తప్పలేదు. బోస్నియాలో వస్తువు ఇచ్చింది ఇరవయ్యేళ్లు ఆగి, ఆలోచించి, మాటలు కూర్చుకున్న పెద్దలు. సిరియా, యుక్రెయిన్ సేకరణల్లో చాలామంది దాతలు ఇంకా పిల్లలే. వాళ్ల బొమ్మ వాళ్లకింకా కావాలి, దాని కథ ఇంకా ముగియలేదు.